సంతకానికీ ట్యాంకుకీ మధ్య: ఫ్యాక్టరీ భద్రతా పద్ధతులు ఎలా పనిచేస్తాయి, ఎక్కడ తప్పుతాయి

సూళ్లూరుపేట నుంచి చెన్నై వెళ్లే పొద్దుటి లోకల్‌లో గుమ్మిడిపూండి దాకా నిలబడ్డానికి కూడా చోటు దొరకదు. తడ, ఆరంబాక్కం, ఎలావూరు దాటేసరికి బోగీ నిండా నీలం చొక్కాలు, భుజాలకు క్యారియర్ సంచులు, కాళ్లకు ఇనుప ముక్కు బూట్లు. ఆ బండిలో ఈమధ్య ఒక కుర్రాడు ఫోన్లో ఫొటో తీసి చూపించాడు. "అన్నా, ఈ కాయితం మీద సంతకం పెట్టమన్నారు, పెట్టినా. ఏందన్నా ఇది?" అది వర్క్ పర్మిట్. పైన ఇంగ్లీషు, కింద తమిళం. అతనికి రెండూ చదవడం రాదు. ఆ కాగితం మీద సంతకం పెట్టి అతను దిగింది మురుగునీటి శుద్ధి ప్లాంటులో ఒక ట్యాంకులోకి.

మణలి, గుమ్మిడిపూండి ఫ్యాక్టరీల సేఫ్టీ విభాగాల్లో పదిహేనేళ్లు పనిచేసినవాణ్ణి. ఆ ప్రశ్నకు బండి దిగేలోగా జవాబు చెప్పలేకపోయాను. 2025 నవంబరు 21న కేంద్రం నాలుగు లేబర్ కోడ్‌లను, అంటే పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన కొత్త చట్టాలను, అమల్లోకి తెచ్చినప్పటి నుంచి ఇలాంటి ప్రశ్నలు ఇంకా పెరిగాయి. గేటు దగ్గర ఐఎస్ఓ (అంతర్జాతీయ ప్రమాణాల) బోర్డు ఉంటుంది, గోడల మీద నినాదాలుంటాయి, అల్మారా నిండా ఫైళ్లుంటాయి. అయినా మనుషులు ఎందుకు చనిపోతున్నారు? ఇది తేలాలంటే ముందు ఆ కాగితాలేమిటో, అవి ఏ పని కోసం పుట్టాయో తెలియాలి.

"ప్రమాదం" అనే మాటలో మూడు అర్థాలు

"ఆ యాసిడ్ ప్రమాదం", "అటు వెళ్తే ప్రమాదం", "నిన్న ప్రమాదం జరిగింది". మూడింటికీ మనం ఒకే మాట వాడతాం. మొదటిది వస్తువుకున్న గుణం. రెండోది హాని జరగడానికి ఉన్న అవకాశం. మూడోది జరిగిపోయిన సంఘటన. ఫ్యాక్టరీలో వీటిని హజార్డ్, రిస్క్, యాక్సిడెంట్ అని విడివిడిగా పిలుస్తారు. ఈ వ్యాసంలో వాటిని హాని మూలం, ముప్పు, ప్రమాదం అంటాను.

ఊళ్లో నేలబావినే తీసుకోండి. నలభై అడుగుల లోతు ఒక హాని మూలం. చుట్టూ గోడ లేకుండా ఆ పక్కనే పిల్లలు ఆడుకుంటుంటే ముప్పు ఎక్కువ. గోడ కడితే బావి లోతు అంగుళం కూడా తగ్గదు, ముప్పు మాత్రం తగ్గుతుంది. ఆ గోడ పదేళ్లకు ఒరిగిపోతే ముప్పు చప్పుడు చేయకుండా మళ్లీ తిరిగొస్తుంది. అప్పటికి ఊళ్లో అందరి మనసులోనూ "బావికి గోడ ఉంది" అన్న మాటే స్థిరపడిపోయి ఉంటుంది. ఫ్యాక్టరీల్లో జరిగే పెద్ద ప్రమాదాల్లో చాలావాటిని ఈ ఒరిగిన గోడ దగ్గరే పట్టుకోవచ్చు.

ఇక కాగితాలు. ఏ పనిలో ఏ హాని మూలాలున్నాయి, ఒక్కో దానివల్ల ముప్పు ఎంత అని ముందే కూర్చుని లెక్కగట్టేది ఒకటి. దాన్ని సేఫ్టీవాళ్లు హైరా అంటారు. ఆ పనిని ఎవరు, ఏ వరుసలో, ఏ సామానుతో, ఎక్కడెక్కడ ఆగి సరిచూసుకుంటూ చేయాలో చెప్పేది ఎస్ఓపీ. ఇవి రెండూ ఏళ్ల తరబడి ఉండేవి. మూడోది పర్మిట్. ఫలానా రోజు, ఫలానా చోట, ఇన్ని గంటల నుంచి ఇన్ని గంటల దాకా, ఈ మనుషులు ఈ పని చేయవచ్చు అని ఇచ్చే అనుమతి అది. షిఫ్ట్ మారితే దాని ఆయుష్షు తీరిపోతుంది. రైల్లో కుర్రాడి ఫోన్లో కనిపించింది ఇదే.

భద్రత, ఆరోగ్యం, పర్యావరణం ఒకే విభాగంలో ఎందుకు?

చాలా కంపెనీల్లో ఈ మూడింటినీ ఒకే ఆఫీసర్ చూస్తారు. పని భారం మోపడానికి అలా చేశారని అనిపిస్తుంది, నిజంగా కొన్నిచోట్ల జరిగేది అదే. అయితే దీని వెనక ఒక తర్కం కూడా ఉంది. ఒకే పదార్థం గోడకు ఇవతల కార్మికుణ్ణి, అవతల ఊరిని దెబ్బతీస్తుంది. క్షణంలో జరిగితే దాన్ని భద్రత సమస్య అంటాం. ఇరవై ఏళ్లలో మెల్లగా జరిగితే ఆరోగ్య సమస్య. గోడ దాటి వెళ్తే పర్యావరణ సమస్య.

2023 డిసెంబరు ఉత్తర చెన్నైకి ఈ విషయాన్ని రెండుసార్లు చూపించింది. మిచాంగ్ తుఫాను వరదల్లో మణలి పారిశ్రామిక ప్రాంతం నుంచి చమురు కాలువల మీదుగా కొసస్థలైయార్ నదిలోకి, ఎన్నూరు క్రీక్‌లోకి చేరింది. బెస్తవాళ్ల వలలు, పడవలు నల్లగా అయ్యాయి. అదే నెల 26 రాత్రి ఎన్నూరు దగ్గర పెరియకుప్పం తీరంలో, ఓడ నుంచి ఎరువుల కర్మాగారానికి అమోనియా తెచ్చే సముద్రపు పైపు లీకైంది. ఊపిరాడక జనం రాత్రికి రాత్రి ఇళ్లు వదిలి రోడ్డెక్కారు, పదుల సంఖ్యలో ఆస్పత్రుల్లో చేరారు. తుఫాను అలలకు పైపు చుట్టూ ఉన్న రాళ్లు కదిలి అది దెబ్బతిని ఉండవచ్చని నిపుణుల కమిటీ అభిప్రాయపడింది.

పైపు వేసిన రోజున గట్టిన ముప్పు లెక్క ఆ రోజు సముద్రానికి సంబంధించినది. తుఫాను తర్వాత సముద్రం అడుగున పరిస్థితి వేరు. ఏదైనా మారినప్పుడల్లా లెక్క మళ్లీ వేయాలన్న పద్ధతిని పుస్తకాల్లో "మార్పు నిర్వహణ" అంటారు. యంత్రం మార్చినా, రసాయనం మార్చినా, కాంట్రాక్టరు మారినా అది వర్తిస్తుంది. మనం చేసే మార్పులకు ఈ పద్ధతిని వాడటం కొంతవరకు అలవాటైంది. ప్రకృతి చేసే మార్పును ఆ ఖాతాలో వేసుకునే అలవాటు ఇంకా బాగా రాలేదు.

మూడింటిలో అన్నిటికంటే వెనకబడేది ఆరోగ్యం. చెవుడు ఒక్క రోజులో రాదు. రాళ్ల పొడి పీల్చిన ఊపిరితిత్తులు గట్టిపడటానికి ఏళ్లు పడుతుంది, అప్పటికి మనిషి మూడు కంపెనీలు మారి ఉంటాడు. ఏ కంపెనీ రిజిస్టరులోనూ అతని పేరు ఎక్కదు. చెన్నై ఎండాకాలంలో రేకుల షెడ్డు కింద వెల్డింగు చేసే మనిషికి తగిలే వేడి కూడా ఇలాంటిదే. అతను కళ్లు తిరిగి పడిపోతే "పొద్దున టిఫిన్ తినలేదట" అని రాసుకున్న రిపోర్టులను నేను చూశాను.

ఒక ట్యాంకు, ఆరు అంచెలు

పద్ధతి ఎలా పనిచేస్తుందో చూడటానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ఒక ఫ్యాక్టరీలో మురుగునీటి ట్యాంకు అడుగున రెండడుగుల బురద పేరుకుంది. దాన్ని తీయాలి.

మొదటి ప్రశ్న: అసలు మనిషి దిగాలా? ముప్పు తగ్గించే మార్గాలకు ఒక మెట్ల వరుస ఉంది. హాని మూలాన్నే తీసేయడం అన్నిటికంటే పై మెట్టు. అది కుదరకపోతే తక్కువ హాని చేసేదాన్ని వాడటం, ఆ తర్వాత యంత్రంతో మనిషిని దూరంగా ఉంచడం, ఆ తర్వాత నియమాలు, శిక్షణ. మాస్కు, గ్లవ్స్, బెల్టు ఆఖరి మెట్టు. మన దగ్గర చాలామంది పని మొదలుపెట్టేదే ఈ ఆఖరి మెట్టు నుంచి. బయటి నుంచి పంపుతో, నీటి జెట్‌తో బురదను లాగేయగలిగితే మిగతా ఐదు అంచెల అవసరమే ఉండదు. ఈ ఒక్క ప్రశ్నను నిజాయితీగా వేస్తే ఆగిపోయే చావులు చాలా ఉన్నాయి. సెప్టిక్ ట్యాంకులు, మ్యాన్‌హోళ్ల విషయంలో చట్టమే ఆ ప్రశ్న వేసింది. తగిన రక్షణ లేకుండా మనిషిని మురుగులోకి దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. మురుగు చావులకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలుగా నిర్ణయించి, 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో తరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. ఈ లెక్కలు ఎవరో దూరపువాళ్లవి అనుకోవడానికి మనకు వీల్లేదు.

సరే, దిగక తప్పదని తేలిందనుకుందాం. రెండో అంచె విడదీయడం. ట్యాంకులోకి వచ్చే ప్రతి పైపునూ మూయాలి. వాల్వు తిప్పితే చాలదు, ఎందుకంటే వాల్వు కారుతుంది. పైపు జాయింటు దగ్గర, అంటే ఫ్లాంజ్ దగ్గర, ఇనుప పళ్లెం లాంటి బ్లైండ్ బిగించాలి. లోపల తిరిగే కలియబెట్టే యంత్రానికి కరెంటు తీసి, స్విచ్‌కు తాళం వేసి, ఆ తాళంచెవి దిగే మనిషి జేబులో ఉండాలి. తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గర ఉంటే ఆ తాళం సూపర్‌వైజర్‌ను కాపాడుతుంది, లోపలివాణ్ణి కాపాడదు.

మూడోది గాలి పరీక్ష. దీనికి ఒక వరుస ఉంది. ముందు ఆక్సిజన్, తర్వాత మండే వాయువులు, ఆఖర్న విష వాయువులు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. 19.5 కంటే తక్కువుంటే దిగకూడదు, 23.5 దాటినా దిగకూడదు, ఎందుకంటే ఎక్కువ ఆక్సిజన్‌లో నిప్పురవ్వ కూడా మంటవుతుంది. ఆక్సిజన్‌ను ముందు చూడటానికి రెండు కారణాలు. అది లేకపోతే మనిషి నిమిషాల్లో పోతాడు. పైగా మండే వాయువును కొలిచే మామూలు సెన్సర్ పనిచేయడానికి దానికీ ఆక్సిజన్ కావాలి. అది తక్కువున్నచోట మీటరు తప్పుడు ధైర్యం చెబుతుంది. పరీక్ష పైన, మధ్యలో, అడుగున మూడు ఎత్తుల్లో చేయాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువు, అడుగునే పడుకుంటుంది.

ఈ వాయువు గురించి ఇంకొంచెం చెప్పాలి. కుళ్లిన కోడిగుడ్డు వాసన దానిది. పది లక్షల భాగాల్లో ఒక భాగం కూడా లేనప్పుడే ముక్కుకు తెలుస్తుంది. అందుకే పాత కార్మికులు "వాసనొస్తే బయటికి వచ్చేస్తాం సార్" అంటారు. కానీ సుమారు 100 భాగాల దగ్గర ఆ వాయువు ముక్కునే మొద్దుబారుస్తుంది. వాసన పోతుంది. వాయువు పోయిందనుకుని మనిషి ఇంకో అడుగు లోపలికి వేస్తాడు. పైగా నిలిచిన బురదలో అది బుడగలుగా చిక్కుకుని ఉంటుంది. పొద్దున పరీక్ష చేసినప్పుడు సున్నా ఉండవచ్చు, పార పెట్టి కలిపిన మరుక్షణం పైకి లేస్తుంది. దిగే ముందు ఒకసారి చేసే పరీక్ష చాలదనడానికి కారణం ఇదే. దిగిన మనిషి చొక్కాకు మీటరు ఉండాలి, పని సాగినంతసేపూ అది కొలుస్తూనే ఉండాలి.

నాలుగోది గాలి మార్చడం: బ్లోయర్‌తో ఆపకుండా కొత్త గాలి పంపాలి. ఐదోది వెలుతురు. తగిన రక్షణ ఏర్పాటు లేకుండా లోపలికి తీసుకెళ్లే చేతి లైటు 24 వోల్టులకు మించకూడదని పాత 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది.

ఆరోది పైన నిలబడే మనిషి. లోపలివాడి నడుము బెల్టుకు కట్టిన తాడు కొస ఇతని చేతిలో ఉండాలి. ఈ తాడు మాట అదే పాత చట్టం 36వ సెక్షన్‌లోనూ ఉండేది. ఇతను కదలకూడదు, టీకి వెళ్లకూడదు, ముఖ్యంగా లోపలికి దిగకూడదు. ట్యాంకు ప్రమాదాల్లో తరచుగా ఒక్కరు కాదు, ఇద్దరో ముగ్గురో చనిపోతారు. మొదటివాడు పడిపోగానే రెండోవాడు కాపాడబోతాడు, అతని వెనక మూడోవాడు. అన్నదమ్ములు, బావ బావమరుదులు ఒకే కాంట్రాక్టరు కింద పనిచేసే చోట ఇది ఇంకా ఎక్కువ. సొంత తమ్ముడు కళ్లముందు కూలిపోతుంటే పైన నిలబడి తాడు లాగమని చెప్పడం ఎంత కష్టమైన మాటో శిక్షణ ఇచ్చే ప్రతిసారీ నాకు తెలుస్తూనే ఉంటుంది. ఆ క్షణంలో ఆలోచించే తీరిక ఉండదు కాబట్టే దాన్ని ముందే పదిసార్లు చేయించి చూపించాలి.

ఈ ఆరూ సరిచూశాకే పర్మిట్ మీద సంతకం పడాలి. ఒకచోట నేను చూసిన పర్మిట్‌లో గాలి పరీక్ష ఫలితం ఉదయం 8:30కు రాసి ఉంది. ట్యాంకు మూత తీసింది 9:15కు. మూత తెరవని ట్యాంకులో ఆక్సిజన్ 20.9 అని ఎవరో చక్కటి చేతిరాతతో నింపారు.

అంకెల పట్టిక చెప్పేది, దాచేది

ముప్పును కొలవడానికి ఎక్కువమంది వాడేది అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు గడుల పట్టిక. జరిగే అవకాశానికి 1 నుంచి 5, జరిగితే ఎంత హాని అనేదానికి 1 నుంచి 5. రెండూ గుణిస్తే వచ్చేది ముప్పు అంకె.

మన ట్యాంకు పనిలో హాని చావే, కాబట్టి 5. జాగ్రత్తలు లేకపోతే అవకాశం 3 అనుకుందాం. మొత్తం 15, ఎర్ర గడి. ఆరు అంచెలూ పెట్టాక అవకాశం 1కి దిగింది, మొత్తం 5, పచ్చ గడి. ఇప్పుడు క్యాంటీన్ దగ్గర తడి నేల చూద్దాం. జారిపడే అవకాశం 4, బెణుకుతుంది కాబట్టి హాని 2. మొత్తం 8. పట్టిక ప్రకారం క్యాంటీన్ నేల మురుగు ట్యాంకు కంటే పెద్ద ముప్పు!

పట్టికను సమర్థించేవాళ్లు దీనికి జవాబు చెబుతారు. అంకె కేవలం వరుస పెట్టుకోవడానికి, వందల పనులున్న ఫ్యాక్టరీలో ఎక్కడ మొదలుపెట్టాలో తేల్చడానికి అది సాయపడుతుంది, పదిమంది కూర్చుని మాట్లాడుకునేలా చేస్తుంది. అది నిజమే. విమర్శించేవాళ్ల మాటలోనూ నిజముంది. అవకాశం 1 అన్నది ఆరు అంచెలూ ప్రతిసారీ జరుగుతాయన్న నమ్మకం మీద నిలబడ్డ అంకె. బ్లోయర్ పాడైన రోజున అది 1 కాదు, పట్టికలో మాత్రం పచ్చగానే ఉంటుంది. అందుకే జాగ్రత్త ఉన్న చోట్ల ఒక అదనపు నియమం పెట్టుకుంటారు: హాని 5 ఉన్న పని ఏదైనా సరే, అంకె ఎంత తక్కువైనా దాన్ని పచ్చ గడిలో వేయకూడదు. నా మటుకు నేను ఈ నియమం లేని పట్టికను నమ్మను.

కాగితం ఉన్నా జరిగిన మూడు ప్రమాదాలు

1988 జులై 6న బ్రిటన్ ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు వేదిక తగలబడి 167 మంది చనిపోయారు. అక్కడ పర్మిట్ పద్ధతి లేక కాదు. ఒక పంపుకు సంబంధించిన భద్రతా వాల్వును పగలు విప్పి తీసి, ఆ చోట తాత్కాలికంగా ఒక మూత పెట్టారు. సాయంత్రానికి పని పూర్తికాలేదు. ఆ విషయం చెప్పే పర్మిట్, రాత్రి షిఫ్ట్ చూసిన పర్మిట్ వేరువేరు. ఒకదానితో ఒకటి ముడిపెట్టలేదు. రాత్రి రెండో పంపు ఆగిపోతే, మొదటిది సిద్ధంగానే ఉందనుకుని స్టార్ట్ చేశారు. దీనిమీద న్యాయమూర్తి లార్డ్ కల్లెన్ జరిపిన విచారణ 1990లో 106 సిఫారసులు చేసింది. షిఫ్ట్ అప్పగింత, పర్మిట్ల మధ్య ముడి గురించి ఇప్పుడు మన ఫ్యాక్టరీల్లో చెప్పే పాఠాల్లో చాలా భాగం ఆ రాత్రి నుంచి వచ్చినవే.

భోపాల్ సంగతి మరో రకం. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రికి ముందే అక్కడి రక్షణ గోడలు ఒక్కొక్కటీ ఒరిగి ఉన్నాయి. విషద్రవాన్ని చల్లగా ఉంచే శీతలీకరణ యంత్రాన్ని నెలల కిందటే ఆపేశారు. వాయువును కాల్చేసే ఫ్లేర్ టవర్ మరమ్మతులో ఉంది. వాయువును కడిగి విషం తగ్గించే స్క్రబ్బర్ అంత వాయువును పట్టలేకపోయింది. లీకుకు కారణమైన నీరు ట్యాంకులోకి ఎలా చేరిందన్నది కంపెనీకీ, ఇతర పరిశోధకులకూ మధ్య వివాదంగానే ఉంది. గోడలు పనిచేయలేదన్న దానిలో వివాదం లేదు. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం, ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేర్చిన ప్రమాదకర ప్రక్రియల అధ్యాయం ఆ శవాల మీద నుంచి లేచినవి.

మూడోది మన విశాఖ. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురం దగ్గర ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే ద్రవం ఆవిరి ఊరిమీద పడి 12 మంది చనిపోయారు. స్టైరీన్‌ను చల్లగా ఉంచకపోతే, అది తనంతట తాను గట్టిపడకుండా ఆపే రసాయనం తగినంత లేకపోతే, లోపల వేడి పుట్టి పెరుగుతూ పోతుంది. ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలిచేవారు, పైన ఎంత వేడెక్కిందో చూసే ఏర్పాటు లేదని రాష్ట్ర ప్రభుత్వ కమిటీ తేల్చింది. లాక్‌డౌన్ వల్ల ఫ్యాక్టరీ వారాల తరబడి ఆగి ఉంది. రోజూ నడిచే ఫ్యాక్టరీలో ద్రవం వస్తూ పోతూ ఉంటుంది, ఆగిన ఫ్యాక్టరీలో అది అక్కడే కూర్చుంటుంది. ఆగిన యంత్రంలో ముప్పు ఉండదనుకోవడం మనందరికీ సహజం. ఎస్ఓపీలు కూడా ఎక్కువగా నడిపే పద్ధతి గురించే రాస్తారు. నెల రోజులు ఆపితే ఏం చూస్తుండాలో చెప్పే పేజీ చాలా పుస్తకాల్లో కనపడదు.

తెలుగు చదివే మనిషి, తమిళ బోర్డు, ఇంగ్లీషు పర్మిట్

చెన్నై చుట్టుపక్కల ఒక పని స్థలంలో ఇంజనీరు తమిళం, ఫోర్‌మ్యాన్ మలయాళం, మేస్త్రీ తెలుగు, హెల్పర్లు ఒడియా, హిందీ, అస్సామీ మాట్లాడటం మామూలు. పొద్దున పని మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు చెప్పే జాగ్రత్తలను టూల్‌బాక్స్ టాక్ అంటారు. అది ఏ భాషలో జరుగుతుంది? ఎక్కువసార్లు చెప్పేవాడి భాషలో.

భాష తెలియనివాడు "అర్థమైందా?" అంటే తల ఊపుతాడు. అర్థం కాలేదంటే పనిలోంచి తీసేస్తారన్న భయం కొంత, పదిమందిలో చిన్నతనం కొంత. నేను ఆ ప్రశ్న అడగడం మానేశాను. "ఇప్పుడు నువ్వు చేసి చూపించు" అంటాను. బెల్టు కట్టుకోమంటాను, మీటరు ఆన్ చేయమంటాను, సైరన్ మోగితే ఎటు నడవాలో నడిచి చూపమంటాను. ఒకసారి పన్నెండు మందిలో ఏడుగురు గాలి వీచే దిక్కుకే నడిచారు. విషవాయువు కూడా అటే పోతుంది. గాలికి అడ్డంగా నడవాలని వాళ్లకు మూడు వారాలుగా చెబుతున్నాం, తమిళంలో.

బొమ్మలతో సరిపెట్టొచ్చంటారు కొందరు. హెల్మెట్ పెట్టుకో అన్నది బొమ్మ చెప్పగలదు. "బ్లైండ్ బిగించిందీ లేనిదీ నువ్వే చూసి రా" అన్నది చెప్పలేదు.

ఇంకా నియమాలు రాయాలా, మనిషిని నమ్మాలా?

ఈ రంగంలో చాలాకాలంగా నడుస్తున్న వాదన ఇది. ఒక పక్షం అంటుంది: నియమాలన్నీ పాత ప్రమాదాల జ్ఞాపకాలు. ఒక్కో వాక్యం వెనక ఒక చావుంది. కొత్తగా చేరిన మనిషికి ఇరవై ఏళ్ల అనుభవాన్ని ఇచ్చే మార్గం రాసిన పద్ధతి ఒక్కటే. దాన్ని తప్పితే చర్య తీసుకోవాలి.

రెండో పక్షం అంటుంది: కుర్చీలో కూర్చుని ఊహించిన పని వేరు, నేల మీద జరిగే పని వేరు. పుస్తకంలో మూడు గంటలు పట్టే పద్ధతి రాసి, పనికి ఒకటిన్నర గంట ఇస్తే కార్మికుడు ఏదో ఒకటి వదిలేయక తప్పదు. రోజూ అలా వదిలేసి పని నడిపినందుకు మెచ్చుకుని, ప్రమాదం జరిగిన రోజున మాత్రం "నియమం తప్పాడు" అని రాయడం అన్యాయం. పనులు రోజూ సరిగ్గా ఎలా జరుగుతున్నాయో కార్మికుడిని అడిగి నేర్చుకోవాలని వీళ్ల వాదన.

రెండింటినీ పనిచేసే చోటు బట్టి తూచాలి. బ్లైండ్, తాళం, గాలి పరీక్ష లాంటివాటిలో కార్మికుడి విచక్షణకు చోటు ఇవ్వకూడదు, ఎందుకంటే అక్కడ తప్పు నేర్పే రెండో అవకాశం ఉండదు. బరువు ఎత్తే తీరు, సామాను పెట్టే చోటు, పని వరుస లాంటివాటిలో చేసేవాడి మాటే పుస్తకం కంటే మెరుగు. చిక్కంతా ఇక్కడే. నేను చూసిన చాలా ఫైళ్లలో ఈ రెండు రకాల నియమాలూ ఒకే అక్షరాల్లో, ఒకే బరువుతో ఉంటాయి. ఎనభై నియమాల్లో ప్రాణం తీసే ఆరు ఏవో వెతుక్కోవాలి.

కొత్త కోడ్‌లో మారింది ఏమిటి?

వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2020 పదమూడు పాత చట్టాలను ఒకటి చేసింది. కరెంటు వాడే చోట పదిమంది కార్మికులుంటే ఫ్యాక్టరీ అన్న పాత హద్దు ఇరవైకి, కరెంటు లేని చోట ఇరవై అన్నది నలభైకి మారింది. ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరయ్యే హద్దు వెయ్యి నుంచి ఐదు వందలకు తగ్గింది. ప్రమాదకర ప్రక్రియలున్న ఫ్యాక్టరీల్లో, నిర్మాణ పనుల్లో అది రెండు వందల యాభై. ఇన్‌స్పెక్టర్ పేరు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అయింది.

యాజమాన్యాలు చెప్పేది: పదమూడు చట్టాలు, పదమూడు రిజిస్టర్ల బదులు ఒకటే ఉంటే కాగితాల మీద పెట్టే టైము పని మీద పెట్టొచ్చు. కార్మిక సంఘాలు చెప్పేది: అంబత్తూరు సందుల్లో పదిహేను మందితో నడిచే, లోహపు రేకులు నొక్కే ప్రెస్ షాపుల్లోనే వేళ్లు తెగేది, హద్దు పెంచితే అవే చట్టం కళ్లకు కనపడకుండా పోతాయి. మధ్య తరహా కంపెనీలకు రక్షణ పెరిగింది, అతి చిన్నవాటికి తగ్గింది అని రెండు వాదనల్నీ పక్కపక్కన పెట్టి చదువుకోవచ్చు.

ఒక అంశం మీద తక్కువగా మాట్లాడుతున్నారు. ప్రాణాపాయం ముంచుకొస్తోందని సహేతుకంగా అనిపిస్తే దాన్ని యజమానికీ, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్‌కూ తెలియజేసే హక్కు ఇప్పుడు ఈ కోడ్ కిందికి వచ్చే కార్మికులందరికీ ఉంది. పాత చట్టంలో ఇలాంటిది ప్రమాదకర ప్రక్రియల ఫ్యాక్టరీలకే ఉండేది. అయితే పని ఆపేసి బయటికి వచ్చే హక్కు అని ఆ సెక్షన్‌లో నేరుగా రాయలేదు. తెలియజేయడానికీ, చర్య తీసుకోవడానికీ మధ్య ఎంతసేపు పడుతుందో ఆ సేపు లోపలున్న మనిషికి పెద్దదే.

గేటు దగ్గర బోర్డు మీద అంకె

చాలా ఫ్యాక్టరీల గేటు దగ్గర ఒక బోర్డు ఉంటుంది: ప్రమాదం లేని రోజులు ఇన్ని, గాయాల రేటు ఇంత. ఆ రేటు లెక్క సులభం. పని మానేయాల్సి వచ్చిన గాయాల సంఖ్యను 10 లక్షలతో గుణించి, అందరూ పనిచేసిన మొత్తం గంటలతో భాగించాలి.

ఒక ఊహా కంపెనీలో 400 మంది సొంత కార్మికులు. రోజుకు 8 గంటలు, ఏడాదికి 300 రోజులు. మొత్తం 9,60,000 గంటలు. ఏడాదిలో 3 గాయాలు. రేటు 3.1. బోర్డు మీద ఇది బాగానే కనిపిస్తుంది. అదే ఆవరణలో 250 మంది కాంట్రాక్టు కార్మికులున్నారు, వాళ్లవి 6,00,000 గంటలు, 7 గాయాలు. వాళ్ల రేటు 11.7. అందరినీ కలిపితే 15,60,000 గంటలకు 10 గాయాలు, రేటు 6.4. బోర్డు మీద రాసింది నిజంలో సగం కూడా లేదు, అబద్ధం అనడానికి మాత్రం వీల్లేదు. సొంత మనుషుల లెక్కే రాశామంటారు.

ఇంకో దారి కూడా ఉంది. చేతికి కట్టు కట్టిన మనిషిని మర్నాడు ఆటోలో తెచ్చి ఆఫీసులో కూర్చోబెడితే అతను పని మానేసినట్టు లెక్కకు రాదు. దీనికి విరుగుడుగా కొందరు ప్రమాదం తప్పిపోయిన సంఘటనలు లెక్కబెట్టమంటారు: పైనుంచి పానా పడింది, ఎవరికీ తగల్లేదు. అలాంటివి ఎక్కువగా రాసిన విభాగాన్ని మెచ్చుకోవాలి. చాలాచోట్ల ఆ అంకె పెరిగితే మందలిస్తారు, దాంతో మరుసటి నెల రిజిస్టరు ఖాళీగా ఉంటుంది.

2025 సెప్టెంబరు 30న ఎన్నూరులో కడుతున్న థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఎత్తున పనిచేస్తుండగా ఉక్కు నిర్మాణం కూలి 9 మంది వలస కార్మికులు చనిపోయారు. వాళ్లు అస్సాం నుంచి వచ్చారు. అత్తిపట్టు, ఎన్నూరు స్టేషన్లలో దిగే మనవాళ్లు కొందరు ఆ వారమంతా రైల్లో దాని గురించే మాట్లాడుకున్నారు. "మన దగ్గర బెల్టు తగిలించుకునే తాడు దేనికి కట్టారో ఎవరైనా చూశారా?" అని ఒక పెద్ద మేస్త్రీ అడిగాడు. బోగీలో ఎవరూ చూడలేదు. మర్నాడు పొద్దున ముగ్గురు చూసొచ్చి చెప్పారు: ఇద్దరిది దూలానికి కట్టారు, ఒకరిది పరంజా గొట్టానికే కట్టి ఉంది.